నిలువురాళ్లు, సూర్యుడి దారి: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉంటూ ఆకాశం చూసే అలవాటున్న తెలుగువాళ్లం కొందరం చలికాలం రాగానే సూర్యోదయం చూడడానికి నిలువురాళ్ల దగ్గరికి, అంటే పూర్వకాలంలో నిటారుగా పాతిన పెద్ద రాళ్ల దగ్గరికి వెళ్తుంటాం. నవంబరు నుంచే ఫోన్లు, మెసేజీలు మొదలవుతాయి. అడిగేవాళ్లు కొత్తవాళ్లే కానీ సందేహాలు మాత్రం అవే. అందుకని వాటిని అడిగినవాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టి, ఒక్కోదానికి విడిగా జవాబు రాశాను. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదట్లో వచ్చే సందేహాలు

నిలువురాళ్లంటే సమాధి రాళ్లేనా?

అన్నీ కావు. పెద్ద పెద్ద రాళ్లతో పూర్వం కట్టినవాటన్నిటినీ కలిపి బృహచ్ఛిలా నిర్మాణాలు అంటారు. వాటిలో ఎక్కువ భాగం సమాధులే. నాలుగు పక్కలా పలకలు నిలిపి పైన ఇంకో పలక కప్పిన గదులు, భూమిలో పాతిన రాతిపెట్టెలు, చుట్టూ గుండ్లు పేర్చిన వలయాలు ఈ కోవలోవి. పల్లెల్లో వీటినే రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు అంటారు. నిలువురాయి వేరు. ఒకే పొడవాటి రాయిని గోతిలో దించి నిటారుగా నిలబెడితే అది నిలువురాయి. కొన్నిచోట్ల అది సమాధికి గుర్తుగా ఉంటుంది. మరికొన్నిచోట్ల పదుల కొద్దీ రాళ్లు ఒక పద్ధతిలో నిలిపి ఉంటాయి కానీ సమాధి జాడ ఉండదు. సూర్యుడి ప్రస్తావన ఎక్కువగా వచ్చేది ఈ రెండో రకం దగ్గరే.

స్టోన్‌హెంజ్ లాంటివి మన దగ్గర కూడా ఉన్నాయా?

ఉన్నాయి, అయితే ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ రాతి వలయం ఆకారంలో కాదు. తెలుగువాళ్లకు అన్నిటికంటే దగ్గరిది తెలంగాణ నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరాన ఉన్న ముడుమాల్. అక్కడ 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న పెద్ద నిలువురాళ్లు సుమారు 80, వాటి చుట్టూ వరుసలుగా పేర్చిన చిన్న గుండ్లు 3,000 దాకా ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య కె.పి. రావు ఏళ్ల తరబడి ఈ రాళ్లను పరిశీలించారు. 2025 మార్చిలో ముడుమాల్ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది.

కర్ణాటకలో అయితే శివమొగ్గ జిల్లా హొసనగర తాలూకాలో బైసె, నిలస్కల్ ఉన్నాయి. మలెనాడు అడవుల మధ్య పలకల్లాంటి పొడవాటి రాళ్లు. యాదగిరి జిల్లా శహాపుర దగ్గర విభూతిహళ్లిలో మాత్రం నిలువు పలకలు ఉండవు, పెద్ద గుండ్లు చదరంగపు గళ్లలా వరుసకట్టి ఉంటాయి. సురపురలో ఉద్యోగం చేసిన మెడోస్ టేలర్ 19వ శతాబ్దం మధ్యలోనే దాన్ని గుర్తించి రాశాడు. 1950లలో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు ఆ ప్రాంతపు రాతి వరుసల మీద ప్రత్యేకంగా వ్యాసం రాశాడు.

కొప్పళ జిల్లా హిరేబెణకల్ గురించి కూడా చాలామంది అడుగుతారు. అది అద్భుతమైన చోటు, తప్పక చూడండి. కానీ అక్కడివి ప్రధానంగా రాతి గదులు, నిలువురాళ్ల వరుసలు కావు.

ఇవి ఎంత పాతవో ఎలా చెబుతారు?

రాయి వయసు తెలిసినంత మాత్రాన లాభం లేదు, ఆ గ్రానైట్ పుట్టి 250 కోట్ల ఏళ్లయి ఉండొచ్చు. మనకు కావలసింది దాన్ని ఎప్పుడు నిలబెట్టారన్నది. రాయి కింద గోతిలో బొగ్గో, ఎముకో దొరికితే కార్బన్ పరీక్ష చేస్తారు. ఏమీ దొరక్కపోతే రాయి అడుగున ఉన్న మట్టి చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో కొలిచే పద్ధతి ఒకటుంది. చుట్టుపక్కల దొరికే నలుపు-ఎరుపు కుండపెంకులు, ఇనుప పనిముట్లు కూడా ఆధారమే. 1947లో చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో మార్టిమర్ వీలర్ చేసిన తవ్వకాలతో దక్షిణాదిలో ఈ లెక్కలకు ఒక క్రమం ఏర్పడింది. ముడుమాల్ రాళ్లు 3,500 నుంచి 4,000 ఏళ్ల నాటివని అంచనా. అంచనా అన్న మాటను వదిలేసి చెప్పకండి.

రాళ్లు సూర్యుడికి ఎదురుగా ఉన్నాయంటే అసలు అర్థం ఏమిటి?

సూర్యుడు రోజూ సరిగ్గా తూర్పున ఉదయించడు. మార్చి 20, సెప్టెంబరు 22-23 ప్రాంతంలో మాత్రమే కచ్చితంగా తూర్పు. ఆ రోజుల్ని విషువత్తులు అంటారు. మార్చి తర్వాత ఉదయించే చోటు రోజురోజుకీ ఉత్తరానికి జరుగుతూ జూన్ 21 నాటికి చివరి హద్దు చేరి, వెనక్కి తిరుగుతుంది. డిసెంబరు 21-22కి దక్షిణపు హద్దు చేరుతుంది. ఈ రెండు మలుపులే అయనాంతాలు.

బెంగళూరు నుంచి చూస్తే ఈ హద్దులు తూర్పుకు అటు 24 డిగ్రీలు, ఇటు 24 డిగ్రీలు. ముడుమాల్‌లో 24.5 డిగ్రీలు. ఇంగ్లండ్‌లో స్టోన్‌హెంజ్ దగ్గరైతే దాదాపు 39 డిగ్రీలు, ఎందుకంటే అది ఉత్తరానికి చాలా దూరం. రెండు రాళ్లను కలిపే గీతను ముందుకు సాగదీస్తే అది ఈ హద్దుల్లో ఏదో ఒకదానికి తగిలిందనుకోండి, ఆ రాళ్లు అయనాంత సూర్యుడికి ఎదురుగా ఉన్నాయంటాం. అంతే. ఎవరైనా కావాలనే అలా పెట్టారా అన్నది ఆ తర్వాత తేల్చాల్సిన ప్రశ్న.

అయితే నిజంగానే సూర్యుణ్ణి చూసి పెట్టారా? ఖాయంగా చెప్పండి.

అందరూ అడిగే ప్రశ్న ఇదే. దీనికి నిదానంగా జవాబు చెప్పాలి.

ముడుమాల్‌లో కొన్ని వరుసలు అయనాంతాల్లో, విషువత్తుల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిశలకు సరిపోతున్నాయని కె.పి. రావు చెప్పారు. బైసె, నిలస్కల్‌లలో శ్రీకుమార్ మీనన్, మయాంక్ వాహియా బృందం రాయి రాయికీ మధ్య దిశలు కొలిచి, అయనాంతపు ఉదయాస్తమయాల వైపు చూసే జతలు చాలా ఉన్నాయని ప్రచురించింది. ఇవి శ్రద్ధగా చేసిన పనులు. నాకు వీటి మీద గౌరవం ఉంది.

కానీ ఒక లెక్క వేసి చూడండి. 80 రాళ్లుంటే వాటి మధ్య 3,160 జతలు కుదురుతాయి. మనం వెతికేవి మూడే గీతలు: తూర్పు-పడమర, ఇంకా అయనాంతాల తాలూకు ఐమూల గీతలు రెండు. ఒక్కోదానికి అటూ ఇటూ ఒక డిగ్రీ సడలింపు ఇచ్చామనుకుందాం. మొత్తం 180 డిగ్రీల్లో 6 డిగ్రీలు మనకు అనుకూలం, అంటే ముప్పైలో ఒక వంతు. కళ్లు మూసుకుని రాళ్లు పాతినా వందకు పైగా జతలు సూర్యుడికి సరిపోయి తీరతాయి! కనుక ‘ఈ రెండు రాళ్ల మధ్య నుంచి సూర్యుడు వచ్చాడు, ఫొటో చూడండి’ అంటే అది ఆనందించాల్సిన ఫొటోనే, రుజువు మాత్రం కాదు.

మరి రుజువుకు దగ్గరగా వచ్చేదేమిటి? ఒకే దిశ మళ్లీ మళ్లీ, అనుకోకుండా కుదిరే లెక్కను మించి కనిపించాలి. రెండు రాళ్లు కాదు, ఐదారు రాళ్లు ఒకే గీతలో ఉండాలి. ఏ దిశ కోసం వెతుకుతున్నామో కొలవకముందే నిర్ణయించుకోవాలి. అటువైపు ఆకాశం అడ్డు లేకుండా కనిపించాలి. నేల వాలు, బండ సహజంగా చీలే దిశ లాంటి మామూలు కారణాలు ఆ వరుసను వివరించలేకపోవాలి. వరుసల విషయంలో ముడుమాల్‌ది బలమైన వాదమే అని నా అభిప్రాయం. విడి జతల మీద ఆధారపడిన వాదాల దగ్గర నేను ఆగి ఆలోచిస్తాను.

ఉత్తరాయణం సంక్రాంతికి కదా మొదలయ్యేది? మీరు డిసెంబరు 21 అంటారేంటి?

ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. సూర్యోదయం దక్షిణపు హద్దు నుంచి వెనక్కి మళ్లేది డిసెంబరు 21-22నే. మీ డాబా మీద నుంచి మీరే చూడొచ్చు. మన పంచాంగం మకర సంక్రాంతిని నక్షత్రాల నేపథ్యంలో లెక్కిస్తుంది. భూమి అక్షం సుమారు 26,000 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి, రుతువులకూ నక్షత్రాలకూ మధ్య 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున తేడా పెరుగుతూ వచ్చింది. సుమారు 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజు పడేవి. పండగ తేదీ తప్పని కాదు, అది వేరే కొలబద్ద. నిలువురాళ్ల దగ్గర మనం చూసేది క్షితిజం మీద సూర్యుడి మలుపును, దానికి డిసెంబరు తేదీయే వర్తిస్తుంది.

గవి గంగాధరేశ్వర గుడిలో సంక్రాంతికి సూర్యకిరణాలు లింగం మీద పడతాయి. ఇదీ అలాంటిదేనా?

ఆలోచన దగ్గరిదే, కాలం మాత్రం చాలా దూరం. బసవనగుడి దగ్గరి ఈ గుహాలయం చారిత్రక యుగానిది. సంక్రాంతి సాయంత్రం ఎండ నంది కొమ్ముల మధ్యగా లోపలికి వస్తుంది. బెంగళూరు ఖగోళ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ వెలుగు ఏడాదికి రెండు విడతలుగా వస్తుంది. జనవరి మధ్యలో ఒకసారి, నవంబరు చివర్లో మరోసారి. కారణం సులువే. నవంబరు చివర్లో సూర్యుడు దక్షిణానికి పోతూ ఏ దారిన అస్తమించాడో, మలుపు తిరిగి వస్తూ జనవరి మధ్యలో అదే దారిన అస్తమిస్తాడు. అయనాంతాల రెండు రోజులు తప్పిస్తే, సూర్యుడికి ఎదురుగా ఉన్న ఏ కట్టడానికైనా ఏడాదికి రెండు తేదీలుంటాయి. ఎవరైనా ఒక్క తేదీ చెబితే రెండోది అడగండి.

అంత బరువైన రాళ్లను ఆ కాలంలో ఎలా లేపారు? వేరే లోకం వాళ్లు సాయం చేశారంటారు.

మనుషులే లేపారు. దక్కను గ్రానైట్ బండలు ఎండకూ చలికీ పొరలు పొరలుగా విడిపోతాయి. మంట పెట్టి వేడిచేసి ఆ పొరల్ని లేపే పద్ధతి మొన్నమొన్నటి దాకా మన రాతిపనివాళ్లకు తెలుసు. దొర్లించడానికి దుంగలు, లాగడానికి మోకులు, లేపడానికి గుంజలు, ఒక పక్క వాలుగా తవ్విన గొయ్యి ఉంటే చాలు. రాయి అడుగు భాగం గోతిలోకి జారాక మోకులతో నిటారుగా లాగి, సందుల్లో చిన్న రాళ్లు దట్టిస్తారు. ఊరంతా కలిసి పనిచేస్తే అయ్యే పని ఇది. ఆ ఊరి కష్టాన్ని, నేర్పును ఇంకెవరికో కట్టబెట్టడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

## బయల్దేరే ముందు

బెంగళూరులోనే ఏమైనా ఉన్నాయా? వారాంతంలో చూసొస్తాం.

నిలువురాళ్ల వరుసలు లేవు. సమాధులు మాత్రం చుట్టుపక్కల చాలా ఉండేవి. విమానాశ్రయం దారిలోని చిక్కజాల, హొసకోటె దగ్గరి జడిగేనహళ్లి, సావనదుర్గ పాదాల దగ్గరి ప్రాంతం అలాంటివే. రోడ్లు, లేఅవుట్లు పెరిగేకొద్దీ ఇవి కుంచించుకుపోయాయి. ఒక్కరోజులో చక్కటి రాతి గదులు చూడాలంటే హోసూరు మీదుగా కృష్ణగిరి జిల్లా మల్లచంద్రం గుట్టకు వెళ్లండి.

మా అపార్ట్‌మెంట్ వెనక ఒక నిలబెట్టిన రాయి ఉంది. అది నిలువురాయేనా?

దాని మీద బొమ్మ ఉందా? కత్తి పట్టిన మనిషి, పైన సూర్యచంద్రులు ఉంటే అది వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి. గాజులు వేసుకున్న చెయ్యి పైకెత్తి ఉంటే మాస్తికల్లు, అంటే సహగమనం చేసిన స్త్రీ గుర్తుగా నిలిపిన రాయి. అక్షరాలుంటే శాసనం. బెంగళూరులో ఇలాంటివి ఎక్కువ. హెబ్బాళలో దొరికిన కిట్టయ్య వీరగల్లు క్రీ.శ. 750 నాటిది. బొమ్మా అక్షరమూ ఏదీ లేకపోతే పొలం సరిహద్దు రాయి కావచ్చు, పశువుల్ని కట్టిన రాయి కావచ్చు. ఒంటరి రాయిని చూసి ఏమీ తేల్చలేం. ఏదైనా సరే పెకిలించనివ్వకండి. నగరంలో వీరగల్లులు పార్కింగ్ కోసం, మురుగుకాలువ మీద కప్పు కోసం పోతున్నాయి. కమిటీవాళ్లతో ముందే మాట్లాడి పెట్టండి.

డిసెంబరు 21నే వెళ్లాలా? ఆ రోజు సెలవు దొరకదు.

అక్కర్లేదు. మలుపు దగ్గర సూర్యోదయం చోటు ఊయల చివరన ఆగినట్టు దాదాపు ఆగిపోతుంది. అయనాంతానికి ఐదు రోజులు ముందూ ఐదు రోజులు వెనకా కలిపి చూసినా, ఉదయించే చోటు మారేది డిగ్రీలో పదో వంతు మాత్రమే. కంటికి తెలియదు. డిసెంబరు 17 నుంచి 26 మధ్య ఎప్పుడైనా వెళ్లండి, క్రిస్మస్ సెలవు కూడా కలిసొస్తుంది.

విషువత్తుల సంగతి పూర్తిగా వేరు. అప్పుడు రోజుకు దాదాపు 0.4 డిగ్రీలు జరుగుతుంది, అంటే సూర్యబింబం వెడల్పుకు కాస్త తక్కువ. మార్చిలో వెళ్లేటట్టయితే తేదీ కచ్చితంగా పాటించాలి.

జూన్ 21కి వెళ్తే ఎలా ఉంటుంది?

మలెనాడులో అయితే వద్దు. నైరుతి రుతుపవనాల నడుమ బైసె దగ్గర సూర్యోదయం కనబడడం అదృష్టం. ముడుమాల్ వైపు వాన తక్కువ కానీ మబ్బు పడుతుంది. దీని మీద నాకొక ఆలోచన ఉంది. మన నేల మీద సూర్యుడి మలుపును ఏటా తప్పకుండా చూడగలిగేది చలికాలంలోనే. జూన్ దిశను ప్రధానంగా చేసే ఏ వాదమైనా ఈ మబ్బుల సంగతికి జవాబు చెప్పాలి.

బెంగళూరు నుంచి ముడుమాల్ ఎలా వెళ్లాలి?

రాత్రి రైలెక్కి రాయచూరులో దిగండి. అక్కడి నుంచి రోడ్డు మీద శక్తినగర్ దాటి కృష్ణానది వంతెన మీదుగా వెళ్తే తెలంగాణ. ముడుమాల్ ఆ పక్కనే నది ఒడ్డున. సూర్యోదయం చూడాలంటే ముందు రోజే రాయచూరు చేరి బస చేయడం మంచిది. డిసెంబరులో అక్కడ పొద్దు పొడిచేది ఆరున్నర దాటాక. ఐదున్నరకల్లా రాళ్ల దగ్గర ఉంటే చీకట్లో చోటు వెతుక్కునే టెన్షన్ ఉండదు. టార్చి, మంచి బూట్లు, చలికోటు, నీళ్లు తప్పనిసరి. నీడ దొరకదు కాబట్టి టోపీ కూడా.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా. రాళ్లెక్కనివ్వకండి, అంతే.

## రాళ్ల దగ్గర

అక్కడికి వెళ్లగానే ముందు ఏం చూడాలి?

కెమెరా తీయకుండా ఒకసారి మొత్తం చుట్టూ నడవండి. రాయి ఏ వైపు వెడల్పుగా ఉంది, ఏ వైపు పలచగా ఉంది? బైసెలో పలకల పొడవు ఉత్తర-దక్షిణంగా ఉంటుంది. ఆ వైపు నుంచి చూస్తే రాయి సన్నటి అంచులా, పక్కకు వస్తే గోడలా కనిపిస్తుంది. ఇది ఫొటోల్లో తెలియదు. తర్వాత రాయి అడుగున చూడండి, దట్టించిన చిన్న రాళ్లు కనిపిస్తే అది ఎవరో నిలబెట్టిందే. చివరగా క్షితిజం చూడండి. ఎక్కడ గుట్ట ఉంది, ఎక్కడ చదునుగా ఉంది? సూర్యుడు పైకి వచ్చే చోటును ఆ గుట్ట కూడా నిర్ణయిస్తుంది.

మధ్యాహ్నం దాకా ఉంటే ఇంకో విషయం కనిపిస్తుంది. ముడుమాల్‌లో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా ఏడాదంతా నీడ ఉత్తరానికే. రాయి ఉత్తరపు ముఖానికి మధ్యాహ్నపు ఎండ తగిలేది ఆ మూడు నెలల్లోనే. ఐరోపా నిలువురాళ్లకు ఈ అనుభవం లేదు, అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణాననే ఉంటాడు. అందుకే అక్కడి సూత్రాలు తెచ్చి ఇక్కడ అతికించడం నాకు నచ్చదు.

చెప్పిన చోట కాకుండా సూర్యుడు కాస్త పక్కగా వచ్చాడు. అంటే వాదం తప్పేనా?

వెంటనే అలా అనుకోకండి. ఎంత పక్కకు, ఏ వైపుకు అన్నది రాసుకోండి. కారణాలు మూడు నాలుగు ఉండొచ్చు.

భూమి అక్షం వాలు నెమ్మదిగా తగ్గుతోంది. 3,500 ఏళ్ల కిందట అది దాదాపు 23.9 డిగ్రీలు, ఇప్పుడు 23.4. అందువల్ల ఆనాటి డిసెంబరు సూర్యోదయం ముడుమాల్‌లో ఇప్పటికంటే సుమారు అర డిగ్రీ దక్షిణంగా, అంటే ఒక సూర్యబింబం వెడల్పు మేర పక్కన జరిగేది. క్షితిజం మీద గుట్ట ఉంటే, ప్రతి డిగ్రీ ఎత్తుకూ సూర్యుడు కనిపించే చోటు డిగ్రీలో మూడో వంతు దక్షిణానికి జరుగుతుంది. సూర్యుడి అంచు తొంగిచూసిన క్షణమా, నిండు బింబం పైకి వచ్చిన క్షణమా అన్న తేడా ఇంకొంత. వేల ఏళ్లలో రాళ్లు ఒరిగిన తేడా వేరే.

ఇక్కడ కూడా జాగ్రత్త కావాలి. 50 మీటర్ల దూరంలో ఉన్న మీటరు వెడల్పు రాయి ఒక డిగ్రీకి పైగా కప్పేస్తుంది, అంటే రెండు సూర్యబింబాలు దాని వెనక పడతాయి. అంత లావు గురితో అర డిగ్రీ కచ్చితత్వం ఉందని ఎవరన్నా నమ్మను.

రాయి మీద ఉన్న గుంటలు సప్తర్షి మండలమేనా?

ముడుమాల్‌లో ఒక రాయి మీద చెక్కిన గుంటల అమరిక సప్తర్షి మండలంతో పోలి ఉందని కె.పి. రావు గుర్తించారు. మీరు చూసేటప్పుడు ఉదయం కానీ సాయంత్రం కానీ ఏటవాలు వెలుగులో చూడండి, మిట్టమధ్యాహ్నం గుంటలు కలిసిపోయి కనబడవు. ముందుగా గుంటలన్నీ కాగితం మీద గీసుకుని, ఆ తర్వాతే నక్షత్ర పటంతో పోల్చండి. పటం చూసి గుంటలు వెతికితే మనకు కావలసినవే కనిపిస్తాయి. సుద్దతో, పొడితో గుంటల్ని నింపి ఫొటో తీయకండి.

ఊరివాళ్లు రాళ్లకు పూజ చేస్తున్నారు. మేం దగ్గరికి వెళ్లొచ్చా?

అడిగి వెళ్లండి. ముడుమాల్‌లో ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. చెప్పులు విప్పి, పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ‘నమస్కారమండీ, చూసి వెళ్తాం’ అని ఒక మాట చెబితే చాలు, వాళ్లే ముందుండి చూపిస్తారు. పసుపు కుంకుమలు పెట్టడం పాత రాయికి హాని అని అక్కడ పాఠాలు చెప్పొద్దు. ఇన్ని తరాలుగా ఆ రాయి నిలిచి ఉందంటే అందులో ఆ భక్తి పాత్ర చాలా ఉంది. దేవుడు కాని రాళ్లను చుట్టుపక్కల ఊళ్లలో గోడలకు, దడులకు వాడేశారు.

పడిపోయిన రాయిని నిలబెట్టొచ్చా? పది మందిమి ఉన్నాం.

వద్దు. రాయి పడిన తీరు, దాని గొయ్యి, అడుగునున్న మట్టి అన్నీ సాక్ష్యాలే. ఒకసారి కదిపితే అవి మళ్లీ రావు. మంచి మనసుతో చేసినా నష్టం నష్టమే.

## కొలతలు తీసేవాళ్లకు

ఫోన్‌లో కంపాస్ సరిపోతుందా?

సరదాకు సరిపోతుంది, వాదించడానికి సరిపోదు. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ దక్షిణ భారతంలో ఒకటి రెండు డిగ్రీల తేడా ఉంటుంది. దానికి తోడు ఫోన్ కవర్లోని అయస్కాంతం, చేతి వాచీ, పక్కనున్న బైక్ అన్నీ సూదిని లాగుతాయి. ఒకే రాయి దగ్గర ఐదుసార్లు కొలిచి చూడండి, ఐదు జవాబులొస్తాయి. ఫోన్‌లోని జీపీఎస్ కూడా ఇంతే. 20 మీటర్ల దూరంలో ఉన్న రెండు రాళ్ల దగ్గర 4 మీటర్ల పొరపాటు వస్తే దిశ 10 డిగ్రీలకు పైగా తప్పుతుంది.

గూగుల్ మ్యాప్‌లో పైనుంచి చూసి కొలిస్తే?

విభూతిహళ్లి లాంటి పెద్ద అమరికలకు బాగానే పనికొస్తుంది, వందల మీటర్ల గీత కాబట్టి. చిన్న గుంపులకు వద్దు. నీడను రాయి అనుకునే ప్రమాదం ఎక్కువ.

ఇంటి దగ్గరే ప్రాక్టీస్ చేసే మార్గం ఉందా?

ఉంది, నాకు చాలా ఇష్టమైన మార్గం. కాత్యాయన శుల్బ సూత్రం అనే ప్రాచీన గ్రంథంలో చెప్పిన శంకువు (నిలువు కర్ర) పద్ధతి. డాబా మీద చదునైన చోట మీటరు పొడవు కర్రను నిటారుగా నిలపండి. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి వేలాడదీసి చూడండి. కర్ర మొదలు కేంద్రంగా తాడుతో 1.2 మీటర్ల వ్యాసార్థంతో సుద్దతో వలయం గీయండి. డిసెంబరులో బెంగళూరులో మధ్యాహ్నపు నీడ సుమారు 75 సెంటీమీటర్లే, కనుక నీడ కొన ఉదయం వలయం లోపలికి వస్తుంది, మధ్యాహ్నం దాటాక బయటికి పోతుంది. లోపలికి వచ్చేది పది గంటల ప్రాంతంలో, బయటికి పోయేది రెండున్నర దాటాక. ఆ రెండు చోట్లా గుర్తు పెట్టి కలిపితే తూర్పు-పడమర గీత వస్తుంది.

నీడ కొన పదునుగా ఉండదు, చుట్టూ సన్నటి మసక ఉంటుంది. ఆ మసక మధ్యలో గుర్తు పెట్టండి. ఉదయం ఎలా పెట్టారో సాయంత్రం అలాగే పెడితే పొరపాటు రెండు వైపులా సమానమై పోతుంది. గీత గీశాక ఫోన్ కంపాస్ పక్కన పెట్టి పోల్చండి, ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది. జూన్, డిసెంబరుల్లో ఈ పద్ధతి బాగా కుదురుతుంది, విషువత్తుల దగ్గర సూర్యుడు రోజులోనే కాస్త జరుగుతాడు కాబట్టి స్వల్ప తేడా వస్తుంది.

జీరో షాడో డేకి, నిలువురాళ్లకు సంబంధం ఉందా?

నేరుగా రుజువేమీ లేదు. బెంగళూరులో ఏప్రిల్ 24-25న, ఆగస్టు 18న మధ్యాహ్నం నిటారు వస్తువుకు నీడ కనబడదు. నిలువురాయికీ ఇది జరుగుతుంది, ఆ చోటు అక్షాంశాన్ని బట్టి తేదీ మారుతుంది. రాయి ఎంత నిటారుగా ఉందో పరీక్షించడానికి మాత్రం చక్కటి రోజు. ఒక పక్క నీడ మిగిలిందంటే రాయి అటువైపు ఒరిగిందన్నమాట.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

స్టెల్లేరియం ఉచితం. ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి ఏ తేదీకైనా సూర్యోదయపు దిశ చూడొచ్చు, వేల ఏళ్ల వెనక్కి కూడా వెళ్లొచ్చు. పాత తేదీలు ఇచ్చేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. క్రీ.పూ. కాలానికి అది జూలియన్ (ఇప్పటి క్యాలెండర్‌కు ముందటి పద్ధతి) తేదీలు వాడుతుంది కనుక అయనాంతం డిసెంబరు 21న పడదు. సూర్యుడు దక్షిణపు హద్దులో ఉన్న రోజేదో చూసి ఎంచుకోండి.

## తిరిగొచ్చాక

మా సొంతూళ్లో పొలం గట్టున రాళ్ల వరుస కనిపించింది. ఎవరికి చెప్పాలి?

రాయలసీమ నుంచి వచ్చినవాళ్లు ఈ ప్రశ్న తరచూ అడుగుతారు, అడిగిన ప్రతిసారీ సంతోషంగా ఉంటుంది. ముందు పొలం యజమానితో మాట్లాడండి, ఆయన అనుమతి లేకుండా ఏదీ చేయొద్దు. ప్రతి రాయికీ నాలుగు వైపుల నుంచి ఫొటో తీయండి, పక్కన కొలబద్దో తెలిసిన పొడవున్న కర్రో ఉండాలి. రాళ్ల స్థానాలు చూపే చేతిపటం ఒకటి గీయండి. ఊళ్లో పెద్దవాళ్లు ఆ రాళ్లను ఏమని పిలుస్తారో, ఏ కథ చెబుతారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఇవన్నీ కలిపి రాష్ట్ర పురావస్తు శాఖకు, దగ్గర్లోని విశ్వవిద్యాలయ చరిత్ర విభాగానికి పంపండి. జవాబు ఆలస్యమైనా మీ దగ్గర నమోదు మిగులుతుంది. రేపు ఆ పొలం అమ్ముడుపోయినా ఆ రాళ్ల గురించి చెప్పే కాగితం ఒకటి ఉంటుంది.

పురావస్తు శాఖకు చెబితే పొలం లాక్కుంటారని రైతు భయపడుతున్నారు.

ఆ భయాన్ని కొట్టిపారేయకండి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోటుకు 100 మీటర్ల దాకా కొత్త కట్టుబడి నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. అయితే ఇది ప్రకటించిన కట్టడాలకే వర్తిస్తుంది, ఫొటోలు పంపినంత మాత్రాన కాదు. రైతుకు ఉన్నదున్నట్టు చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లండి.

ఇన్‌స్టాలో లొకేషన్ పెట్టొచ్చా?

ముడుమాల్ లాంటి పేరున్న చోట్లకు పెట్టండి. ఎవరికీ తెలియని చిన్న వరుసలకు వద్దు, గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు కూడా ఆ పోస్టులు చూస్తారు. రాతి గదుల్లో చాలావాటికి నేల తవ్వేసి ఉండడానికి కారణం వాళ్లే. జిల్లా పేరు రాసి ఆపేయండి.